లార్డు బిరుదు: ఉంచుకోవడం మేలా, వదులుకోవడం మేలా?

బ్రిటన్‌లో వారసత్వ పీర్ (తరతరాలుగా వచ్చే లార్డు బిరుదు ఉన్నవాడు) అయిన తండ్రి కన్నుమూసిన క్షణం నుంచే పెద్దకొడుకు లార్డు. నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగరు. వద్దనుకునే వీలు కూడా 1963 దాకా లేదు. ఆ వీలు కోసం పోరాడినవాడు టోనీ బెన్. అందుకే ఈ పోలిక ఆయన దగ్గరే మొదలుపెడతాను.

బెన్ తండ్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్ పేరు మన చరిత్రలోనూ కనిపిస్తుంది. ఉప్పు సత్యాగ్రహం నాటికి లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. 1942లో ఆయన్ని వైకౌంట్ (లార్డుల్లో ఒక హోదా) స్టాన్స్‌గేట్‌ని చేశారు. ఆ బిరుదు పెద్దకొడుక్కి వెళ్లాల్సింది. కానీ అతను 1944లో యుద్ధంలో పోయాడు. 1960 నవంబరులో తండ్రి కూడా పోవడంతో బరువంతా టోనీ మీద పడింది. అప్పటికి ఆయన బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ నుంచి పదేళ్లుగా ఎంపీ. ఆ రోజుల్లో లార్డు అయినవాడు ప్రజలు ఎన్నుకునే కామన్స్ సభలో కూర్చోకూడదు కాబట్టి ఆ సీటు పోయింది.

ఆయన ఊరుకోలేదు. 1961 మేలో ఉప ఎన్నికలో మళ్లీ నిలబడ్డాడు. ఓటర్లు 13 వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించారు. అయినా ఎన్నికల కోర్టు ఆ సీటుని ఓడిపోయిన కన్సర్వేటివ్ అభ్యర్థికి ఇచ్చింది. అన్ని వేలమంది వేసిన ఓటు కన్నా ఒక పుట్టుక ఎక్కువైపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. మరో రెండేళ్ల పోరాటం తర్వాత, 1963 జులై 31న పీరేజ్ చట్టం వచ్చింది. ఆ రోజే బెన్ బిరుదు వదులుకున్నాడు. అలా వదులుకున్న మొదటి మనిషి ఆయనే. చట్టం మారితే తప్పుకుంటానన్న మాట నిలబెట్టుకుని ఆ కన్సర్వేటివ్ ఎంపీ రాజీనామా చేశాడు. ఆగస్టులో బెన్ తిరిగి సభకి వచ్చాడు.

ఇంతకీ వదులుకుంటే పోయేదేమిటి? పేరు ముందు 'లార్డ్' అనే మాట, ఆ రోజుల్లో దానితో వచ్చే ప్రభువుల సభ సీటు. అంతే. ఇల్లూ భూమీ ఎక్కడికీ పోవు. పిల్లల హక్కూ పోదు. వదిలినవాడు బతికున్నంత కాలం బిరుదు నిద్రపోతుంది, ఆ తర్వాత వారసుడి దగ్గర లేస్తుంది. అయితే ఒక్కసారి వద్దన్నాక మళ్లీ కావాలనడానికి లేదు. వదులుకోవడానికి గడువు బిరుదు వచ్చాక ఏడాది. ఎంపీగా ఉన్నవాళ్లకైతే నెలే.

14వ ఎర్ల్ ఆఫ్ హోమ్ కూడా అదే ఏడాది అక్టోబరులో ఈ దారే పట్టాడు, ప్రధానమంత్రి అయిన కొద్ది రోజులకే. ఉప ఎన్నిక గెలిచేదాకా సుమారు రెండు వారాలు ఏ సభలోనూ లేని ప్రధాని ఆయన. 1974లో జీవితకాల పీర్‌గా (ఆ బిరుదు వారసులకి వెళ్లదు) ప్రభువుల సభకి తిరిగొచ్చాడు. అంటే వదులుకున్నవాళ్లకి ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోదు.

ఇక ఉంచుకుంటే? 1999 దాకా ఓటు అడగకుండానే జీవితాంతం ప్రభువుల సభలో సీటు ఉండేది. బదులుగా సాధారణ ఎన్నికల్లో ఓటు ఉండేది కాదు. అసలు టెన్షన్ బిరుదుతో కాదు, కోటంత ఇంటితో. పైకప్పు మరమ్మతులు, వారసత్వ పన్ను ఆస్తితో పాటే వస్తాయి, బిరుదు వదిలినా తగ్గవు. మార్క్విస్ ఆఫ్ బాత్ 1949లోనే లాంగ్‌లీట్ భవనాన్ని టికెట్ పెట్టి జనానికి తెరిచింది ఇందుకే. ఇంకో సంగతి, చాలా బిరుదులు ఇప్పటికీ మగపిల్లలకే. కిరీటం విషయంలో 2013లో చట్టం మార్చారు, వీటిని మాత్రం అలాగే వదిలేశారు. ముందు పుట్టిన అక్కని దాటి తమ్ముడు లార్డు అవడం నాకు ఏ విధంగానూ న్యాయంగా కనిపించదు.

1999 చట్టంతో లెక్క మారింది. 600 మందికి పైగా వారసత్వ పీర్లు సభ నుంచి వెళ్లిపోయారు, 92 మందికి చోటు మిగిలింది. బయటికి వచ్చినవాళ్లకి ఓటు హక్కుతో పాటు కామన్స్‌కి పోటీ చేసే హక్కూ వచ్చింది. స్కాట్లాండ్‌కి చెందిన వైకౌంట్ థర్సో బిరుదు వదలకుండానే 2001లో ఎంపీగా గెలిచి 2015 దాకా ఉన్నాడు. ఓడిపోయాక, 2016లో ప్రభువుల సభ ఉప ఎన్నికలో నిలబడ్డాడు. ఆ 92 సీట్లలో ఖాళీ అయిన ఒకదానికి, సభలో ఉన్న ఆ పార్టీ వారసత్వ పీర్లే ఓటేసే ఎన్నిక అది. అభ్యర్థులు 7గురు, ఓటర్లు ముగ్గురే! ముగ్గురూ ఆయనకే వేశారు.

కాబట్టి 1963లో నన్నడిగితే వదులుకోవడమే మేలు అనేవాణ్ణి, రెండో మాట లేకుండా. ప్రజల ఓటుకి బిరుదు అడ్డుపడినప్పుడు పోవాల్సింది బిరుదే. ఈనాటి వారసుడికి ఆ అడ్డు లేదు. పేరు ఉంచుకున్నా నష్టం లేదు, థర్సో మొదట చేసినట్టు దాంతోనే జనం ముందుకి వెళ్లి ఓటు అడగొచ్చు. ఆ ముగ్గురి ఓటుతో వచ్చిన సీటు కంటే ఓడిపోయిన ఆ పాత సీటే నా దృష్టిలో గొప్పది.

టోనీ బెన్ 2014లో పోయాడు. నిద్రలేచిన బిరుదుని కొడుకు స్టీఫెన్ ఉంచుకున్నాడు, 2021లో అలాంటి ఉప ఎన్నికతోనే ప్రభువుల సభకి వెళ్లాడు. అతన్ని నేను తప్పుపట్టను. వద్దనే హక్కు చేతిలో ఉండి కావాలనుకున్నాడు. అతని తండ్రికి 1960లో ఆ హక్కు లేదు.