లాస్ వేగాస్‌లో డాలర్ చిప్పుల వేట

లాస్ వేగాస్ వెళ్లి ఒక్క పందెం కూడా కాయకుండా వచ్చేవాళ్లు బోలెడు మంది. నేనూ ఆ బాపతే. కాకపోతే దొరికిన ప్రతి కాసినోలోకీ దూరి, ఒక్క డాలర్ చిప్ (పందెంలో డబ్బుకి బదులు పెట్టే గుండ్రటి బిళ్ల) కొని, ఆడకుండా నా సేకరణ కోసం జేబులో వేసుకుని వస్తాను. ఇంట్లో చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. పేకాటకి పోయి కబుర్లు చెబుతున్నాడనుకున్నారు.

ఈ సరదా ఉన్నవాళ్లు పెద్ద కాసినో హోటళ్లు వరుసగా ఉండే స్ట్రిప్ రోడ్డును చూసి రావచ్చు కానీ, బస మాత్రం డౌన్‌టౌన్‌లో ఫ్రీమాంట్ స్ట్రీట్ చుట్టుపక్కల పెట్టుకోవడం మేలు. స్ట్రిప్ మీది పెద్ద హోటళ్లలో టేబుల్ దగ్గర కనీస పందెమే 15, 25 డాలర్లు ఉంటుంది. చిప్పుల్లో ఎర్రది 5 డాలర్లు, ఆకుపచ్చది 25, నల్లది 100. డాలర్ చిప్ చాలా టేబుళ్ల మీద కనిపించదు కూడా. అలాంటి చోట పోకర్ రూమ్ వెతకండి. పోకర్‌లో చిన్న పందేలు ఉంటాయి కాబట్టి అక్కడి కౌంటర్‌లో దొరికే అవకాశం ఎక్కువ. ఒక పెద్ద హోటల్‌లో మాత్రం క్యాషియర్ "ఇక్కడ చిప్పులు అమ్మం, టేబుల్ దగ్గరికి వెళ్లండి" అంది. టేబుల్ దగ్గరేమో "ఆడితేనే" అన్నారు. అదే హోటల్‌లో గది అద్దె మీద రిసార్ట్ ఫీజు, కారు పెడితే పార్కింగ్ ఫీజు. అన్నిటికీ డబ్బు తీసుకుంటారు గానీ, డాలర్ చిప్ దగ్గరికి వచ్చేసరికే వాళ్లకి నిబంధనలు గుర్తొచ్చాయి!

డౌన్‌టౌన్ తీరు వేరు. గోల్డెన్ గేట్ 1906 నుంచీ ఉన్న హోటల్. ఊళ్లో మొదటి టెలిఫోన్ 1907లో దీనికే వచ్చింది, నంబరు 1. చిన్న కాసినో, డీలర్లకి (టేబుల్ దగ్గర ఆట నడిపేవాళ్లకి) మాట్లాడే తీరిక ఉంటుంది. ది క్యాల్‌కి (కాలిఫోర్నియా హోటల్‌కి) హవాయి నుంచి జనం ఎంతగా వస్తారంటే, క్యాంటీన్ మెనూలో కూడా వాళ్ల వంటకాలే. ఫోర్ క్వీన్స్ కాసినోలో వెండి టోకెన్లు పడే స్లాట్ మెషీన్లు ఉన్నాయి. అవి ముచ్చటగా ఉంటాయి గానీ, ఒకటి పడే లోపు ఎంత పోతుందో చెప్పలేం. నేను దూరం నుంచే చూశాను.

బసకి నా ఓటు ఎల్ కోర్టెజ్ హోటల్‌కే. 1941 నాటిది. ఫ్రీమాంట్ స్ట్రీట్ మీద పైకప్పులా పరిచిన పెద్ద వీడియో తెరకి కాస్త అవతల ఉంటుంది కాబట్టి రాత్రి పాటల హోరు గదిలోకి రాదు. పాత గదులు తీసుకుంటే లిఫ్ట్ లేదు, పెట్టెలు మెట్ల మీదుగా మోసుకెళ్లాలి. కింద సిగరెట్ వాసన తప్పదు. అక్కడా, దగ్గర్లోని సిర్కా హోటల్‌లోనూ 21 ఏళ్లు నిండినవాళ్లకే బస, పిల్లలతో వెళ్లేవాళ్లు వేరే హోటల్ చూసుకోవాలి. స్ట్రిప్‌కీ డౌన్‌టౌన్‌కీ మధ్య డ్యూస్ అనే బస్సు రాత్రంతా తిరుగుతుంది. నెమ్మదిగా వెళ్తుంది, కానీ పార్కింగ్ టెన్షన్ ఉండదు.

చిప్ అడగడానికీ ఒక పద్ధతి ఉంది. ఆట నడుస్తుండగా మాట్లాడించకూడదు. ఒక ఆట ముగిశాక నోటు టేబుల్ మీద పెట్టాలి, డీలర్ చేతికి ఇవ్వకూడదు. వాళ్లు తీసుకోరు. "జ్ఞాపకానికి ఒక్కటి" అంటే చాలామంది నవ్వుతూ ఇస్తారు. రెండు డాలర్లు పెట్టి, రెండు చిప్పుల్లో ఒకటి టిప్‌గా వదిలేస్తే, గుట్టలోంచి అరగని కొత్తది ఏరి ఇచ్చిన డీలర్లు ఉన్నారు. ఫోన్ మాత్రం బయటికి తీయకండి.

గోవాలో ఇలా కుదరదు. మాండవి నది మీది పడవ కాసినోల్లో ప్రవేశానికే వేలల్లో ప్యాకేజీ, దాంతో ఇచ్చేది చాలావరకు ఒకసారి ఆడి వదిలేసే చిప్పులే.

ఇక మూతపడ్డ కాసినోల సంగతి. 1957లో మొదలైన ట్రాపికానా 2024 ఏప్రిల్‌లో మూతపడింది, అక్టోబర్‌లో దాన్ని పేల్చి కూల్చేశారు. 1989 నాటి మిరాజ్‌ను కూడా 2024 జూలైలోనే మూసేశారు. మూతపడ్డ కాసినో తన చిప్పులకి కొంత గడువు దాకా డబ్బు వెనక్కి ఇస్తుంది. అలా తిరిగొచ్చినవి నాశనం చేస్తారు. జనం దగ్గర మిగిలిపోయినవే సేకరణకి పనికొచ్చేవి. అలాంటివి కావాలంటే డౌన్‌టౌన్‌కి దగ్గర్లోని స్పినెట్టీస్ దుకాణానికి వెళ్లండి. పాత చిప్పులు బోలెడు ఉంటాయి, చూడనిస్తారు, కొనమని వెంటపడరు. చిప్ మీద రాసిన డాలర్ విలువకీ అక్కడి ధరకీ సంబంధం ఉండదు. నా మట్టుకు నేను, నడుస్తున్న కాసినోలో టేబుల్ మీద తీసుకున్నదే లెక్కలో వేసుకుంటాను, కొన్నవి వేరే డబ్బాలో ఉంచుతాను.