కొత్తగా నర్సింగ్ పాసైన పిల్లలకి యూకే జాబ్ అని డబ్బులడిగే వాళ్ళతో జాగ్రత్త, మేం పోగొట్టుకున్నాం

పెద్ద పోస్టే, అయినా ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా ఇంట్లో నర్సింగ్ అయిపోయిన పిల్లలున్నవాళ్ళు, గల్ఫ్‌లో ఫిలిప్పీన్స్ వాళ్ళతో కలిసి డ్యూటీ చేసే మన తెలుగు నర్సులు. యూకేలో నర్సు జాబ్, ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు, ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీష్ టెస్ట్ అక్కర్లేదు అని ప్యాకేజీ అమ్మే ఒక ఏజెంటుకి మా రూమ్మేట్ వాళ్ళింట్లో 85,000 పెసోలు, నేను 1,20,000 రూపాయలు ఇచ్చాం. ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

నేను రియాద్‌లో స్టాఫ్ నర్సుని, మాది కడప జిల్లా, ఇక్కడికొచ్చి ఆరేళ్ళు దాటింది. నా రూమ్మేట్ ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో అనే ఊరి నుంచి వచ్చింది, నాకన్నా పెద్దది, అందరం ఆమెని ఆతే అంటాం, వాళ్ళ భాషలో ఆతే అంటే అక్క. వాళ్ళ ఆఖరి చెల్లెలు నాలుగేళ్ళ బీఎస్ నర్సింగ్ చేసి 2024 నవంబర్ బోర్డ్ ఎగ్జామ్ పాసైంది. అక్కడ డిగ్రీ ఒక్కటీ చాలదు, పీఆర్‌సీ అనే గవర్నమెంట్ ఆఫీసు ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకసారి నవంబర్‌లో ఒకసారి పరీక్ష పెడుతుంది, అది పాసైతేనే పేరు పక్కన ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, అని పెట్టుకోవాలి. పాసైందంటే ఇంటి ముందు తార్పాలిన్ కడతారు, అచ్చం మన ఊళ్ళో ఫ్లెక్సీ కట్టినట్టే, తెల్ల యూనిఫామ్‌లో పిల్ల ఫోటో, పెద్దక్షరాలతో పేరు, ఆర్‌ఎన్. వాళ్ళ నాన్న ట్రైసైకిల్ నడుపుతాడు, మన ఆటో లాంటిది. ఆయన ఆ తార్పాలిన్ కింద నిలబడి తీసుకున్న ఫోటో ఆతే ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకుంది.

ఆ ఫోటోనే ఫేస్‌బుక్‌లో పెట్టారు. పాసైన వాళ్ళ పేర్లు పీఆర్‌సీ వాళ్ళే బయట పెడతారు, పేపర్లలో కూడా వస్తాయి, కాబట్టి ఎవరు కొత్తగా పాసయ్యారో ఎవరికైనా తెలిసిపోతుంది. వారం తిరక్కుండా ఆ పిల్లకి మెసెంజర్‌లో మెసేజ్ వచ్చింది, కంగ్రాట్స్ ఆర్‌ఎన్, యూకేలో 60 పోస్టులున్నాయి, ఫ్రెషర్స్ చాలు అని.

ఇంత తేలిగ్గా ఎలా నమ్మారు అని అడిగే వాళ్ళకి ఒక మాట చెప్తా. ఆ పిల్లకి వాళ్ళ ఊళ్ళో ప్రైవేట్ హాస్పిటల్‌లో ఇస్తామన్న జీతం నెలకి 14,000 పెసోలు, పెసో అంటే సుమారు రూపాయిన్నర అనుకోండి. గవర్నమెంట్ నర్సు పోస్టుకి జీతం దీనికి రెండింతల పైనే, కానీ ఆ పోస్టులు దొరకవు. బయటి దేశాలకి పోదామంటే మా హాస్పిటల్ లాంటివి రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అడుగుతాయి. అంటే ఆ రెండేళ్ళు ఆ 14,000తోనే నెట్టుకురావాలి, ఇంటి మీద చదువు అప్పు ఉంటుంది. ఆ రెండేళ్ళు ఆగాల్సిన పని లేదు అని ఆ మెసేజ్ పెట్టిన ఏజెంటు చెప్తున్నాడు, నమ్మాలనిపిస్తుంది కదా.

ఆతే కాలంలో ఇంకా ఘోరం. 2000ల మధ్యలో అమెరికాకి నర్సులు కావాలంటే ఫిలిప్పీన్స్‌లో వీధికో నర్సింగ్ కాలేజీ లేచింది, డాక్టర్లు కూడా మళ్ళీ నర్సింగ్ చదివారు, తీరా ఆ పిల్లలంతా బయటికొచ్చే టైంకి అమెరికా వీసాలు ఆగిపోయాయి. ఆతే 2009లో బోర్డ్ పాసైంది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం ఒక హాస్పిటల్‌కి తనే మూడు నెలలు ఫీజు కట్టి డ్యూటీ చేసింది, వాలంటీర్ అని పేరు, నైట్ డ్యూటీలు మాత్రం అందరితో పాటే. తర్వాత రెండేళ్ళు కాల్ సెంటర్‌లో చేసింది. నా చెల్లెలు నాలా పడకూడదు అని ఆమె ఎప్పుడూ అనేది, వాడికి డబ్బు కట్టడానికి ఒప్పుకుంది కూడా అందుకే.

ప్యాకేజీ రెండు విడతలు. జనవరిలో 45,000 పెసోలు సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష స్లాటుకి, ఎన్‌ఎంసీ అంటే యూకే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి, స్పాన్సర్‌షిప్‌కి అన్నాడు. మార్చిలో ఇంకో 40,000 ఓస్కీ అనే ప్రాక్టికల్ ఎగ్జామ్‌కి, మనీలాలోనే పెడతాం, అక్కడే పాసై నేరుగా వార్డులో జాయిన్ అవ్వచ్చు అన్నాడు. డబ్బంతా జీక్యాష్‌లో, అక్కడి ఫోన్‌పే లాంటిది, ఒక మనిషి సొంత నంబర్‌కి, కంపెనీ అకౌంట్ కాదు. రిసీట్ అడిగితే చాట్‌లో రిసీవ్డ్ అని పెట్టి ఒక దండం బొమ్మ, అదే రిసీట్.

రెండో విడతకి వాళ్ళమ్మ ఫైవ్ సిక్స్ వడ్డీకి తెచ్చింది. 5 తీసుకుంటే 6 కట్టాలి, అందుకే ఆ పేరు. మోటార్‌సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి రోజువారీ వసూలు చేసుకుంటారు, ఆ వ్యాపారం చేసేవాళ్ళలో చాలామంది పంజాబ్ నుంచి వెళ్ళిన మన దేశం వాళ్ళే, అక్కడ వాళ్ళని బుంబాయ్ అంటారు. ఆతే ఆ సంగతి నాతో చెప్తూ బుంబాయ్ అని అనేసి నా మొహం చూసి ఆగిపోయింది. నాకు చాలా బాధేసింది ఆ రోజు.

నా సంగతి. మా పిన్ని కూతురు నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చేసి ఇంట్లో ఉంది. ఆతే వాళ్ళది సక్రమంగా నడుస్తోంది కదా అని నేనే ఏజెంటుని అడిగా, మా చెల్లికి కూడా చూస్తారా అని. ఇండియా స్లాట్లు కూడా ఉన్నాయి సిస్టర్ అని హైదరాబాద్‌లో ఒక సేవింగ్స్ అకౌంట్ నంబర్ ఇచ్చాడు, నేను ఏప్రిల్ జీతం, దాచుకున్నది కలిపి 1,20,000 వేశా. చిన్నాన్న వద్దమ్మా ఇంకొంచెం కనుక్కుందాం అన్నాడు, నేను వినలేదు.

ఆ తర్వాత ఇవాళ రేపు అంటూ నాలుగు నెలలు గడిపాడు. ఆగస్టులో ఆఫర్ లెటర్ పీడీఎఫ్ వచ్చింది. పైన ఇంగ్లండ్‌లో ఒక హాస్పిటల్ లోగో, కింద కాంటాక్ట్ నంబర్ మాత్రం ఫిలిప్పీన్స్ వాట్సాప్ నంబర్, ఈమెయిల్ జీమెయిల్. మొదటి పేజీలో రిజిస్టర్డ్ నర్సు అని ఉంది, మూడో పేజీలో కేర్ అసిస్టెంట్ అని ఉంది. జీతం ఏడాదికి 48 వేల పౌండ్లు. ఇదేంటి రెండు రకాలుగా ఉంది అని అడిగితే, ముందు కేరర్‌గా పోయి అక్కడ నర్సుగా మార్చుకోవచ్చు, ఇంకో 20,000 పెసోలు కడితే సెప్టెంబర్‌లో ఫ్లైట్ అన్నాడు. పైగా మనీలా నుంచి టూరిస్ట్‌గా హాంకాంగ్ పోయి అక్కడి నుంచి లండన్ ఎక్కాలి, ఓఈసీ, అంటే బయటి దేశంలో పనికి పోవడానికి ఫిలిప్పీన్స్ గవర్నమెంట్ ఇచ్చే పర్మిషన్ కాగితం, దాని గొడవ ఉండదు అన్నాడు.

అప్పుడు నాకు భయమేసి నా నర్సింగ్ బ్యాచ్‌మేట్‌కి ఫోన్ చేశా, తను యూకేలో వార్డ్ నర్సు. సగం చెప్పేసరికే ఆగవే ఆగవే అంది. ఓస్కీ మనీలాలో ఏంటే, ఓస్కీ ఎక్కడున్నా యూకేకి వచ్చి ఇక్కడి సెంటర్లోనే రాయాలి, నేను రాసింది నార్తాంప్టన్‌లో, బొమ్మ పేషెంటు దగ్గర నిలబడి చేతులు వణికాయి, సీబీటీ ఒక్కటే బయట రాసేది అంది. తర్వాత, ఆ కేరర్ వీసాకి బయటి దేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవటం 2025 జూలై 22తో ఆపేశారు, వాడు ఆగస్టులో ఎలా ఇస్తాడే అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. స్పీకర్‌లో పెట్టా కాబట్టి తెలుగు అర్థం కాకపోయినా ఆతేకి నా మొహం చూసి అర్థమైపోయింది, మంచం మీద కూర్చుండిపోయింది.

ఇంక మేం ఆ తర్వాత తెలుసుకున్నవి, ముందే తెలిసుంటే బాగుండేది అనిపించినవి రాస్తా.

యూకే వాళ్ళ రూల్ ప్రకారం బయటి నర్సు దగ్గర జాబ్ ఇప్పించినందుకు ఏజెన్సీ ఒక్క పెన్నీ తీసుకోకూడదు, ఇచ్చేది హాస్పిటలే. ఫిలిప్పీన్స్‌లో కూడా బయటి దేశాల్లో పనిచేసేవాళ్ళ కోసం డీఎమ్‌డబ్ల్యూ అని డిపార్ట్‌మెంట్ ఉంది, ఇంతకుముందు పీఓఈఏ అనేవాళ్ళు, వాళ్ళ రూల్ ప్రకారం ఫీజు తీసుకోవడం కుదిరే దేశాలకైనా ఒక నెల జీతం మించకూడదు, అదీ కాంట్రాక్ట్ మీద సంతకం అయ్యాకే, రిసీట్‌తోనే. యూకే లాగా ఫీజు నిషేధం ఉన్న దేశాలకి అసలు తీసుకోకూడదు. మన దగ్గర అయితే ఈమైగ్రేట్ అనే మన గవర్నమెంట్ సైట్లో రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. నేను ఒక పేరు లేని మనిషికి దానికి నాలుగింతలు ఇచ్చా.

లైసెన్స్ ఫోటో పంపాడు కదా అనుకోకండి. మాకూ పంపాడు. నంబర్ నిజమైన ఏజెన్సీదే, వాడికీ దానికీ సంబంధం లేదు. జూమ్ చేసి చూస్తే పేరున్న లైను మిగతా అక్షరాల కన్నా కొంచెం లావుగా ఉంది, దాని వెనకాల కాగితం రంగు కూడా వేరే, మేం డబ్బు కట్టిన ఎనిమిది నెలలకి చూశాం అది. డీఎమ్‌డబ్ల్యూ సైట్లో ఏజెన్సీ లైసెన్స్ ఇప్పుడు నడుస్తోందా, ఆ దేశానికి ఆ పోస్టుకి వాళ్ళకి జాబ్ ఆర్డర్, అంటే మనుషులు కావాలని బయటి కంపెనీ పెట్టిన కోరిక, అప్రూవ్ అయిందా రెండూ చూడొచ్చు, ఆ రెండోది చాలామంది చూడరు. అలాగే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అని గోల్డ్ సీల్ వేసిన కాగితం పంపితే అది దొంగ కాగితం, అసలు అది కాగితమే కాదు, ఆన్‌లైన్‌లో ఉండే రికార్డు, నంబర్ ఇస్తారు. లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల లిస్టు యూకే గవర్నమెంట్ అందరికీ కనపడేలా పెట్టింది, హాస్పిటల్ పేరు అందులో వెతికి ఆ హాస్పిటల్‌కే నేరుగా మెయిల్ పెట్టండి. యూకే గవర్నమెంట్ హాస్పిటళ్ళలో నర్సుల మొదటి జీతం గ్రేడ్ బ్యాండ్ 5, అందులో కొత్త నర్సుకి ఏడాదికి 30 వేల పౌండ్లు అటూ ఇటూ ఉంటుంది, 48 వేలు అన్నప్పుడే మాకు అనుమానం రావాల్సింది.

ఐఈఎల్టీఎస్ అక్కర్లేదు అనే మాట. ఫిలిప్పీన్స్‌లో నర్సింగ్ చదువు ఇంగ్లీషులోనే, అందుకే ఆ పిల్లకి నిజమే అనిపించింది. కానీ మామూలుగా ఎన్‌ఎంసీకి ఐఈఎల్టీఎస్ గానీ, వైద్య రంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ టెస్ట్ ఓఈటీ గానీ చూపించాలి, ఐఈఎల్టీఎస్ అయితే మూడింట్లో 7, రైటింగ్‌లో 6.5. కొత్తగా పాసైన వాళ్ళు రిజిస్ట్రేషన్‌కి అప్లై చేసుకోవచ్చు, అది వేరు, జాబ్ ఇచ్చే హాస్పిటల్ వార్డులో చేసిన అనుభవం అడుగుతుంది, అది వేరు. ఈ రెండూ కలిపేసి చెప్తారు జాగ్రత్త. పైగా యూకేలో బయటి నర్సుల్ని తీసుకోవడం ముందున్నంత లేదు ఇప్పుడు.

ఓఈసీ లేకుండా టూరిస్ట్‌గా పో అంటే అక్కడితో ఆపేయండి. ఫిలిప్పీన్స్ నుంచి కొత్తగా పనికి పోయేవాళ్ళకి ఆ కాగితం ఉండాలి, లేకపోతే ఇమిగ్రేషన్‌లో దించేస్తారు, ఆఫ్‌లోడ్ అంటారు వాళ్ళు. ఆఫ్‌లోడ్ అయినా ఏజెంటు డబ్బు ఇవ్వడు, నీ ఇంటర్వ్యూ నువ్వు పాడుచేసుకున్నావు అంటాడు.

ఇంకోటి, కొంతమంది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కొనిపెడతామంటారు. గల్ఫ్‌కి వచ్చేవాళ్ళు అసలు ఆ పని చేయొద్దు. సర్టిఫికెట్లు తనిఖీ చేసే డేటాఫ్లో అనే కంపెనీ వాళ్ళు మీరు చూపించిన హాస్పిటల్‌కే రాసి అడుగుతారు, ఫేక్ అని తేలితే మళ్ళీ ఆ లైసెన్స్ గుమ్మం ఎక్కలేరు.

డబ్బు కట్టకుండా పోయే దారులు లేవా అంటే ఉన్నాయి, నిదానం అంతే. జర్మనీకి ట్రిపుల్ విన్ అని 2013 నుంచి రెండు గవర్నమెంట్లు కలిసి ఫిలిప్పీన్స్ నర్సుల్ని తీసుకుంటున్నాయి, పిల్లల దగ్గర ఏమీ తీసుకోరు, జర్మన్ నేర్చుకోవాలి. అమెరికాకైతే అక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ మనీలాలోనే రాయొచ్చు, ఫీజు 200 డాలర్లు, బయటి దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150, మీరే కట్టుకోవచ్చు, మధ్యలో ఎవడూ అక్కర్లేదు, ఆ తర్వాత వీసాకి మాత్రం ఏళ్ళు పడుతుంది, ఆరు నెలల్లో అమెరికా అనేవాణ్ణి నమ్మకండి. మన తెలుగు పిల్లలకి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓఎంక్యాప్ అని బయటి దేశాలకి పంపే గవర్నమెంట్ సంస్థలు ఉన్నాయి, ముందు అక్కడ అడగండి. గల్ఫ్‌లో ఈసీఆర్ దేశాలకి, అంటే మన గవర్నమెంట్ క్లియరెన్స్ కావాల్సిన దేశాలకి, మన నర్సులు గవర్నమెంట్ ఏజెన్సీల ద్వారానే పోవాలని 2015లో రూల్ పెట్టారు, ఆ రూల్ ఊరికే రాలేదు, ఆ రోజుల్లో కేరళలో 20 వేలు కూడా దాటకూడని ఫీజుకి 20 లక్షల దాకా గుంజిన కేసు బయటపడింది.

కంప్లయింట్ సంగతి. ఏజెంటు పెట్టిన గ్రూప్ చాట్‌లో ఆతే వాళ్ళ చెల్లెలు మిగతా పిల్లలకి విడివిడిగా మెసేజ్ పెట్టింది, నలుగురు దొరికారు, ఒకమ్మాయిది ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉండే మిందనావో, వాళ్ళు పొలం తాకట్టు పెట్టారంట. అందరూ కలిసి డీఎమ్‌డబ్ల్యూలో ఇచ్చారు. ఒక్కరే పోకండి, ముగ్గురు అంతకన్నా ఎక్కువ మంది మోసపోతే అక్కడి చట్టంలో దాన్ని పెద్ద నేరం కింద తీసుకుంటారు, జీవిత ఖైదు దాకా ఉంది. నేను మన సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశా కానీ అప్పటికే నాలుగు నెలలు, ఆ అకౌంట్‌లో ఏమీ లేదు. అనుమానం వచ్చిన రోజే చేయండి, పరువు పోతుందని నాలాగా ఆగకండి. చాట్‌లు డిలీట్ చేయొద్దు, వాడు డిలీట్ చేసేలోపు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. పోయిన డబ్బు తెచ్చిపెడతాం అని ఇంకొకడు వస్తాడు, మాకు రెండు వారాల్లో వచ్చాడు, వాడికీ ఏమీ ఇవ్వకండి.

ఆ పిల్ల ఇప్పుడు ఆ 14,000 జీతానికే మెడికల్ వార్డులో చేరింది. మా చెల్లి కడపలో ఒక హాస్పిటల్‌లో చేస్తోంది. ఫైవ్ సిక్స్ అప్పు ఆతే, నేను కలిసి నెలనెలా తీరుస్తున్నాం.

ఆ పేజీ మళ్ళీ తెరిచారు, పేరు మార్చారు, అవే ఫోటోలు, ఆ 60 పోస్టులే. మొన్న చూస్తే కింద కామెంట్లలో కొత్తగా పాసైన పిల్లలు ఇంట్రస్టెడ్ పో, హౌ మచ్ పో అని వరసగా పెడుతున్నారు, పో అంటే వాళ్ళకి మన అండీ లాంటిది. నైట్ డ్యూటీ బ్రేక్‌లో నేనూ ఆతే కూర్చుని ఒక్కొక్కరికీ ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాం, ముప్పై మందికి పంపేసరికి పేజీ వాడు మా ఇద్దర్నీ బ్లాక్ చేశాడు. మీతో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సులు ఎవరైనా ఉంటే, వాళ్ళింట్లో ఈ ఏడాది బోర్డ్ పాసైన చెల్లెలో తమ్ముడో ఉన్నారా అని అడిగి ఈ సంగతి చెప్పండి.