మెరిడా రోమన్ మ్యూజియం: ముందు శిల్పాలు, తర్వాతే థియేటర్

స్పెయిన్‌లోని మెరిడాను మాడ్రిడ్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా చాలామంది ప్లాన్ చేస్తారు. దయచేసి అలా చేయకండి. రానుపోను ప్రయాణానికే రోజంతా సరిపోతుంది. రెండు రాత్రులైనా ఉండాల్సిన ఊరు ఇది. క్రీ.పూ. 25లో అగస్టస్ చక్రవర్తి తన మాజీ సైనికుల కోసం స్థాపించాడు.

ఇక్కడి జాతీయ రోమన్ కళా మ్యూజియాన్ని ఆర్కిటెక్ట్ రఫాయెల్ మొనియో డిజైన్ చేశారు, 1986లో తెరిచారు. లోపలికి వెళ్లగానే ఎత్తైన ఇటుక కమానులు వరసగా కనిపిస్తాయి. ఇటుకల మధ్య అతుకు దాదాపు కనిపించదు. వెలుతురు పైకప్పు అద్దాల్లోంచి పడుతుంది కాబట్టి, పాలరాతి ముఖాల మీద ఉలి పని స్పష్టంగా తెలుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది మొజాయిక్‌లను (చిన్న రంగురాళ్లు పేర్చి చేసిన చిత్రాలను) గోడలకు నిలువుగా అమర్చిన తీరు. పై అంతస్తుల నడవాల్లో నిలబడితే ఒక్కో రాయి రంగు కూడా కళ్లెదుటే ఉంటుంది. నేలమాళిగలో రోమన్ ఇళ్లు, సమాధులు ఉన్నచోటే ఉంచి, వాటి మీదుగా గోడలు లేపారు. అది తెరిచి ఉందో లేదో కౌంటర్‌లో అడగండి.

పక్కనే ఉన్న రోమన్ థియేటర్‌కు మాత్రం మ్యూజియం చూశాకే వెళ్లండి. రంగస్థలం వెనక స్తంభాల మధ్య ఇప్పుడున్న విగ్రహాలు నకళ్లు, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. సెరెస్ దేవత విగ్రహాన్ని దగ్గరగా చూసి వెళ్తే, ఆ వేదిక ఒకప్పుడు ఎలా ఉండేదో మనసుకు అందుతుంది.

మ్యూజియం సోమవారం సెలవు. శనివారం మధ్యాహ్నం తర్వాత, ఆదివారం ఉదయం ప్రవేశం ఉచితం. వివరాలు ఎక్కువగా స్పానిష్‌లోనే ఉన్నాయి, ఫోన్‌లో అనువాద యాప్ పెట్టుకోండి.

మేం దిగిన హోటల్లో ఏసీ సరిగా పనిచేయలేదు, అడిగితే గది మార్చారు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏసీ సంగతి ముందే కనుక్కోవాలి. శాకాహారులకు కొంచెం కష్టమే. కూరగాయల వంటకంలోనూ పంది మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోండి. గుడ్డు తింటే బంగాళాదుంప టోర్టిల్లా (మందపాటి ఆమ్లెట్) ఎక్కడైనా దొరుకుతుంది. ఇక్కడి గొర్రెపాల చీజ్ టోర్టా దెల్ కాసర్ తప్పక రుచి చూడండి.

జులై, ఆగస్టుల్లో రాత్రిపూట ఆ థియేటర్‌లోనే నాటకాలు వేస్తారు. అప్పుడు వెళ్లేవాళ్లు టికెట్, గది రెండూ ముందే బుక్ చేసుకోవాలి.