రెండు రోజుల వర్క్‌షాపా, వారం వారం కేసు చర్చా?

రాష్ట్రమంతటా మానసిక ఆరోగ్య, వ్యసన చికిత్స సేవలు బాగుపడాలంటే సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలి? వర్క్‌షాపు తేలిక. ఒకేసారి వందలమందిని కూర్చోబెట్టొచ్చు, అందరికీ ఒకే పునాది పడుతుంది. ఆ మేలు కాదనను. కానీ తిరిగి వెళ్లాక, ఎదురుగా కూర్చున్న మనిషి తల వంచుకుని "మళ్లీ తాగేశానండీ" అంటే రాసుకొచ్చిన నోట్సు అక్కరకు రాదు. అలవాటుగా "ఎందుకు తాగారు?" అనే నోటికొస్తుంది.

కేసు చర్చలో సరిగ్గా ఆ సంభాషణే ముందుకొస్తుంది. పేరు చెప్పకుండా వివరిస్తారు. సైకియాట్రిస్టు, కౌన్సెలర్, సోషల్ వర్కర్ వీడియో కాల్‌లో కలిసి ఆలోచిస్తారు. "తాగకుండా ఉన్న ఆ 12 రోజులూ ఎలా ఉండగలిగారో అడిగి చూడండి" అని ఒకరంటారు. వచ్చే వారం ఏం జరిగిందో మళ్లీ మాట్లాడుకుంటారు. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో పద్ధతి ఇదే; తర్వాత వ్యసన చికిత్సకూ విస్తరించింది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కోరిక ఎదుటి మనిషి నోటి నుంచే వచ్చేలా మాట్లాడే పద్ధతి) శిక్షణపై 2004లో వెలువడిన అధ్యయనంలోనూ, వర్క్‌షాపు తర్వాత ఫీడ్‌బ్యాక్, కోచింగ్ అందినవారి నైపుణ్యం ఇంకా పెరిగింది.

ఇబ్బందల్లా సమయమే. వారానికో గంట పని వేళల్లోనే ఇవ్వాలి, ఇంటికెళ్లాక కాదు. నన్నడిగితే వర్క్‌షాపును ఒక్క రోజుకు కుదించి, రెండో రోజును ఆ గంటలకు పంచుతాను.