పేజ్‌మేకర్ చేతులతో వెబ్ పేజీ: ఫ్రీకోడ్‌క్యాంప్‌తో రెండేళ్లు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నాది డీటీపీ, జిరాక్సు షాపు. 18 ఏళ్లుగా పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కూర్చడమే పని. జనం పెళ్లి కార్డు వాట్సాప్‌లో పంపుకోవడం మొదలుపెట్టాక ప్రింటు ఆర్డర్లు పడిపోయాయి. "మా షాపుకి వెబ్‌సైటు చేసి పెట్టగలవా?" అని అడిగేవాళ్లు మాత్రం పెరిగారు. ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్లి కనుక్కుంటే ముందు మూడు నెలలు సీ లాంగ్వేజ్ నేర్చుకోవాలన్నారు. ఫీజు 12 వేలు. బయటికొచ్చి టీ తాగి షాపుకి వచ్చేశాను. వెబ్ పేజీకి సీ లాంగ్వేజ్‌తో పనే లేదని తర్వాత తెలిసింది లెండి.

వెబ్ పేజీలు, ప్రోగ్రామింగ్ ఇంటర్నెట్‌లోనే నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైటు సంగతి చెప్పింది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. అమెరికాలో క్విన్సీ లార్సన్ అనే ఆయన 2014లో మొదలుపెట్టాడు. విరాళాల మీద నడుస్తుంది, సర్టిఫికెట్‌కి కూడా పైసా అడగరు. 2023లో సిరిమానోత్సవం హడావిడి తగ్గాక రెస్పాన్సివ్ వెబ్ డిజైన్, అంటే ఏ తెరకైనా సర్దుకునే పేజీలు చేయడం నేర్పే కోర్సులో చేరాను. నేను చదివిన పాఠాల వరుస 2022లో వచ్చినది. ఇప్పుడు చేరేవాళ్లకు వేరుగా కనబడొచ్చు.

మొదటి పాఠంలో పిల్లుల ఫొటోలతో ఒక పేజీ చేయిస్తారు. ఒక్కో మెట్టులో ఒక్క ముక్కే. శీర్షిక ట్యాగ్ పెట్టు, పేరా పెట్టు, ఫొటో పెట్టు, ఆ ఫొటోలో ఏముందో ఆల్ట్‌లో రాయి. ఎడమవైపు సూచన, మధ్యలో మనం రాసేది, కుడివైపు పేజీ. తప్పు రాస్తే అక్కడే చెబుతుంది, ముందుకు కదలనివ్వదు. ఒకరోజు సెమికోలన్ వెతుక్కుంటూ గంటన్నర కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి ఒక్క చూపులో పట్టేసింది. పరువు పోయింది గానీ, ఆ తర్వాత సెమికోలన్ మరిచిపోలేదు.

నాకు బాగా నచ్చింది రోత్కో బొమ్మ పాఠం. మార్క్ రోత్కో అనే చిత్రకారుడు గీసినట్టు రంగుల పెట్టెలు గీయిస్తూ ప్యాడింగ్‌కీ మార్జిన్‌కీ తేడా చెబుతారు. ఫొటో ఫ్రేము కట్టించినప్పుడు ఫొటోకీ చెక్కకీ మధ్య తెల్ల అట్ట ఖాళీ ఉంటుంది చూడండి, అది ప్యాడింగ్. గోడ మీద ఒక ఫ్రేముకీ పక్క ఫ్రేముకీ మధ్య వదిలేది మార్జిన్. డీటీపీలో నాకు మార్జిన్ ఒక్కటే తెలుసు, అదీ కాగితం అంచున.

అసలు నాకు పెద్ద చిక్కంతా ఆ కాగితమే. ఏ ఫోర్ అంటే ఏ ఫోరే, ఎవరి చేతిలో పెట్టినా కొలత మారదు. వెబ్ పేజీకి కొలత లేదు. ఒకరు ఫోనులో చూస్తారు, ఇంకొకరు టీవీలో చూస్తారు. పెట్టె వెడల్పు 800 పిక్సెళ్లు అని బిగించేసే అలవాటు పోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పియానో పాఠంలో స్క్రీను సన్నబడేకొద్దీ కనబడే పియానో మెట్లు తగ్గించే మీడియా క్వెరీ, అంటే తెర వెడల్పుని బట్టి పేజీ రూపు మార్చే సూచన, రాయిస్తారు. బ్రౌజర్ కిటికీ అంచు పట్టుకుని లోపలికీ బయటికీ లాగుతూ ఆ పియానోని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడెక్కింది బుర్రకి.

కోర్సు మధ్యమధ్యలో ఐదు ప్రాజెక్టులు ఎవరికి వారే చేయాల్సి ఉండేది. అంతవరకూ చెయ్యి పట్టుకుని నడిపించి ఇక్కడ వదిలేస్తారు. సర్వే ఫారం అనే ప్రాజెక్టు దగ్గర ఖాళీ తెర చూసి చెమట పట్టింది. దాని ముందు పాఠాలన్నీ పూర్తిచేశాను, వచ్చేసిందనుకున్నాను. చూసి రాయడం వేరు, సొంతంగా రాయడం వేరని అప్పుడు తెలిసింది. దానికి 19 రోజులు పట్టింది. మొత్తం కోర్సుకి 300 గంటలు అన్నారు, నాకు షాపు మూసాక రాత్రుళ్లు కూర్చుంటే ఏడాది దాటింది.

తెలుగు పేజీ చేయాలనుకునేవాళ్లు కోర్సుతో పాటు విడిగా తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నేను మొదట నా పాత కరపత్రంలోని తెలుగు తీసి పేజీలో అతికించాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చిగీతలు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి, ఆ ఫాంటు తీసేస్తే కింద మిగిలేది ఇదే. ప్రింటుకి పరవాలేదు, వెబ్‌కి మాత్రం ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లోనే టైపు చేయాలి. ఆ అక్షరాలను బ్రౌజర్ సరిగా చదవడానికి పేజీ కోడు పైన చార్‌సెట్ యూటీఎఫ్-8 అని రాయాలి.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాకుళం వైపు పుట్టిన గిడుగు పేరుతో ఒకటి, మా ఊరి గురజాడ పేరుతో ఒకటి ఉన్నాయని చూసి ఎంత సంబరపడ్డానో! ఒక శీర్షికకి గురజాడ పెట్టాను, మిగతాదానికి మండలి అనే ఫాంటు. కానీ ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, తెలుగుకి చాలదు. "వస్త్రాలంకరణ" అన్న మాటలో కింది ఒత్తులు వెళ్లి కింది వరుస గుడులకి తగిలాయి. 1.8 చేశాక ఊపిరాడింది.

మొదటి గిరాకీ మా వీధిలోని టెంట్ హౌస్ ఆయన. కుర్చీలు, షామియానాలు, వంట పాత్రలు ఫొటోలతో పేజీ చేసి, వెబ్ పేజీలు ఉంచుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగానే పెట్టాను. ఆయన ఫోనులో తెరిచి, కళ్లజోడు పైకి తోసి, "ఏటి బాబూ ఇది, చీమల బారులా ఉంది. భూతద్దం కూడా నువ్వే ఇస్తావేటి?" అన్నాడు. పేజీని ఫోను తెర వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ లైను మరిచిపోయాను. అది లేకపోతే ఫోను పేజీని 980 పిక్సెళ్ల వెడల్పు అనుకుని కుదించి చూపిస్తుంది. కోర్సులో రాసిన లైనే, సొంతంగా రాసేటప్పుడు చేతికి రాలేదు. ఆ రోజే ఇంకొకటి. నా కంప్యూటర్‌లో కనబడిన కుర్చీల ఫొటో అక్కడ కనబడలేదు. ఫైలు పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉంది, నేను రాసింది చిన్న అక్షరాల్లో. విండోస్ పట్టించుకోదు, అక్కడ పట్టించుకుంటారు. అప్పట్నుంచి ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే.

మరి చేరొచ్చా అంటే, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే ఓపిక ఉంటే చేరండి. వాక్యాలు చిన్నవే, అయినా నేను మొదటి నెలంతా పక్కన నిఘంటువు పెట్టుకున్నాను. ఫోనులో కాదు, కీబోర్డు ఉన్న కంప్యూటర్‌లో చేయండి. పాఠాలన్నీ బ్రౌజర్‌లోనే జరిగిపోతాయి కాబట్టి, పక్కనే కోడు రాసుకునే వీఎస్ కోడ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని ప్రతి పాఠాన్నీ సొంత ఫోల్డరులో ఇంకోసారి రాసుకోండి. నేనది చేయకే టెంట్ హౌస్ దగ్గర దొరికిపోయాను.

ఇప్పటికి ఏడు పేజీలు చేశాను, నాలుగింటికి డబ్బులు వచ్చాయి. నొక్కితే స్పందించేలా పేజీని చేసే జావాస్క్రిప్ట్ పాఠాలు మూడుసార్లు తెరిచి మూశాను. టెంట్ హౌస్ ఆయన తేదీ నొక్కితే కుర్చీలు ఖాళీగా ఉన్నాయో లేవో చూపించమంటున్నాడు. ఈసారి సిరిమాను కరపత్రాల పని అయ్యాక చూద్దాం అన్నాను.