కొత్త ఇల్లు కొన్నవాళ్లు జాగ్రత్త: వారంటీ అయిపోయాక టైల్స్ లేస్తే బిల్డర్ ఇలాగే మాట్లాడతాడు

కొత్త ఇల్లు తీసుకుని ఇంకా వారంటీలో ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి. మా హాల్లో టైల్స్ లేచిపోయాయి, మామూలుగా పగలడం కాదు, ఢామ్మని చప్పుడొచ్చి వరసకి వరస గుడారంలా పైకి పొంగింది, అదీ వారంటీ దాటిన కొద్దిరోజులకే. బిల్డర్‌కి ఫోన్ చేస్తే మొదటి మాట "వారంటీ అయిపోయింది కదండీ", రెండో మాట "ఎండలకి అంతే, పైగా మీరు నీళ్లు ఎక్కువ పోసి కడుగుతున్నారేమో". అంటే తప్పు మాదే అన్నమాట!

బయట మేస్త్రీని పిలిచి లేచిన టైల్స్ తిప్పి చూపించాం. మూలల్లో నాలుగు సిమెంట్ ముద్దలు, మధ్యలో ఒకటి, మిగతాదంతా ఖాళీ. విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపు పీల్చదు, అర శాతం కూడా ఉండదు, అందుకే ఉత్త సిమెంట్ పాలకి సరిగా పట్టదు, టైల్ అడెసివ్‌ని పళ్లున్న తాపీతో నేలంతా పరిచి అతికించాలి. పొడి గదుల్లో టైల్ వెనక కనీసం 80 శాతం, బాత్రూంలాంటి తడి చోట 95 శాతం అంటుకుని ఉండాలి. దానికితోడు టైల్స్ మధ్య గ్యాప్ లేదు, స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే పట్టీ) కింద చూస్తే గోడకి ఆనించి బిగించేశారు. వేడికి టైల్ సాగుతుంది, కింద కాంక్రీట్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, పక్కకి జరగడానికి జాగా లేకపోతే పైకి లేవక ఏం చేస్తుంది? సో ఎండ మాట సగం నిజమే, కానీ ఎండొస్తుందని తెలిసి వెయ్యడమే కదా వాళ్ల పని.

అసలు ఒళ్లు మండింది ఎక్కడంటే, వారంటీ ఉండగానే కిటికీ దగ్గర నడుస్తుంటే డొల్లగా మోగుతోందని చెప్పాం. సైట్ ఇంజనీర్ వచ్చి "చిన్న విషయం సార్" అని టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ పూయించి వెళ్లిపోయాడు, కాగితం ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడేమో "మీ కంప్లైంట్ మా రికార్డులో లేదు" అంటున్నారు. అప్పట్లో మా ఆవిడ వాళ్లకి వాట్సాప్‌లో పెట్టిన ఫోటో, దాని కింద తేదీ చూపించాకే గొంతు మారింది. ఇప్పుడు కూలీ మేం భరిస్తాం, టైల్స్ మీరు కొనుక్కోండి అంటున్నారు, ఆ షేడ్ ఇప్పుడు దొరికితే కదా!

అందుకని వారంటీ ఉండగానే ఒక రోజు కూర్చుని చిన్న కర్రతోనో నాణెంతోనో ప్రతి టైల్ తట్టి చూడండి, డొల్లగా మోగినవాటికి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి వీడియో తీసి మెయిల్ చెయ్యండి. డొల్లగా మోగిన ప్రతిదీ లేచిపోతుందని కాదు, కానీ గడువులోపల చెప్పినట్టు రుజువు ఉంటుంది. రిపేర్ చేసి "సమస్య పూర్తిగా పరిష్కారమైంది" అనే కాగితం మీద సంతకం అడుగుతారు, తొందరపడకండి. ఒకే బ్యాచ్ టైల్స్ ఒకట్రెండు పెట్టెలు అడిగి దాచుకోండి.

వారంటీ దాటినవాళ్లు ఊడిన టైల్స్ పారెయ్యకండి, వెనకవైపు ఫోటోలు తీసి కొన్ని అలాగే ఉంచండి, మేస్త్రీ చేత కారణం రాయించుకోండి. పైకి కనబడని లోపాలకి చాలాచోట్ల చట్టంలో వేరే గడువు ఉంటుంది, బిల్డర్ రాసిచ్చిన వారంటీయే ఆఖరు కాదు, లాయర్‌ని అడగండి. మేమైతే పక్కిళ్లలో కూడా తట్టి చూశాం, వాళ్లవీ మోగుతున్నాయి, ఇప్పుడు అందరం కలిసే నోటీసు పంపుతున్నాం.