కచ్చితమా, న్యూమరికలా, అసింప్టోటికా: ఒకే ఇంటిగ్రల్‌కు ఏది మేలు?

కాకతీయ యూనివర్సిటీ ఎమ్మెస్సీ పిల్లలైనా, ఎన్‌ఐటీలో బీటెక్ చదివేవాళ్లైనా హన్మకొండలో నన్ను అడిగేది ఒకటే: "సార్, ఇంటిగ్రల్‌ను సూత్రంతో తేల్చాలా, కంప్యూటర్‌కు ఇచ్చేయాలా?" మూడో దారి, అసింప్టోటిక్, అంటే హద్దు పెద్దదైనప్పుడు ఒక శ్రేణిలో కొన్ని పదాలతోనే విలువకు దగ్గరగా వెళ్లడం, చాలామందికి తట్టదు. ఇ టు ద పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ ఒక్కదాన్నే తీసుకుంటే మూడింటి బలమూ తెలిసిపోతుంది.

సున్నా నుంచి అనంతం దాకా అయితే కచ్చితమైన పద్ధతికి తిరుగులేదు. ఇంటిగ్రల్‌ను వర్గం చేసి ధ్రువ నిరూపకాల్లోకి మారిస్తే రూట్ పైలో సగం వస్తుంది, అంటే 0.886227. ఇంత అందమైన లెక్క డిగ్రీ గణితంలో తక్కువ. కానీ పై హద్దును 1కి తెచ్చామా, ఆ దారి మూసుకుపోతుంది. దీనికి ప్రాథమిక ప్రమేయాలతో సూత్రం లేదని లియూవిల్ 19వ శతాబ్దంలోనే తేల్చాడు. వక్రం కింది వైశాల్యాన్ని పట్టీలుగా కోసి కూడే సింప్సన్ పద్ధతిలో రెండు పట్టీలతో 0.747180, నాలుగింటితో 0.746855 వస్తాయి. అసలు విలువ 0.746824. ఇక్కడ న్యూమరికలే మేలు.

చిక్కంతా 3 నుంచి అనంతం దాకా ఉన్న తోక దగ్గర. మొత్తంలోంచి సున్నా నుంచి 3 దాకా ఉన్న భాగం తీసేస్తే సరిపోదా అంటారు. ఆరు దశాంశాల్లో చేసి చూడండి: 0.886227లోంచి 0.886207 పోతే 0.000020. ఆరు అంకెలతో మొదలుపెడితే చేతిలో మిగిలినవి రెండే. అదే అసింప్టోటిక్ దారిలో, విభాగ సమాకలనం పదే పదే చేస్తే, ఇ టు ద పవర్ మైనస్ 9ని 6తో భాగించి, 1 – 1/18 + 1/108 – … అనే శ్రేణితో గుణించాలని వస్తుంది. మూడు పదాలకే 0.0000196. నిజమైన విలువ 0.00001958.

ఈ శ్రేణి అభిసరించదు, అంటే పదాలు కలుపుతూ పోతే ఒక విలువ దగ్గర స్థిరపడదు. పదో పదం దాకా తగ్గుతూ వచ్చి, ఆ తర్వాత పెరుగుతుంది. చూడగానే టెన్షన్ పడతారు గానీ, ఎక్కడ ఆపినా, వచ్చే దోషం వదిలేసిన మొదటి పదం కంటే తక్కువే. ఆ హామీ ఉన్నందుకే నాకు ఈ పద్ధతి మీద ఇంత మక్కువ. తోక 1 నుంచే మొదలైతే మాత్రం ఇది పనికిరాదు, మూడో పదం నుంచే పెరగడం మొదలవుతుంది.

కోడ్ రాసేవాళ్లకూ ఇది అవసరమే. సున్నా నుంచి ఒక హద్దు దాకా ఉన్న మన ఇంటిగ్రల్‌ను రూట్ పైలో సగంతో భాగిస్తే వచ్చేది ఎర్ఫ్ (erf), ఆ హద్దు నుంచి అనంతం దాకా ఉన్న తోకను అలాగే భాగిస్తే వచ్చేది ఎర్ఫ్‌సీ (erfc). పైథాన్‌లో 1 లోంచి ఎర్ఫ్ 6 తీసేస్తే సున్నా వస్తుంది. ఎర్ఫ్‌సీ 6 అని నేరుగా అడిగితే, బిందువు తర్వాత 16 సున్నాలు దాటి 215 కనిపిస్తుంది. అసింప్టోటిక్ శ్రేణిలో మొదటి పదం ఒక్కటే, రూట్ పైలో సగంతో భాగిస్తే, అదే చోట 218 ఇస్తుంది.